పటం వేయడానికి చెక్క పలకను సిద్ధం చేసుకోవడం ఎలా: విశాఖ తేమకు తగిన పద్ధతి

తంజావూరు శైలి పటాలు నేర్చుకుంటున్నవారూ, చేర్యాల బొమ్మలను గుడ్డకు బదులు చెక్కమీద వేసి చూడాలనుకునేవారూ విశాఖపట్నంలో పదేపదే అడిగే ప్రశ్నలు మూడు. పలక ఎందుకు వంగిపోయింది? సుద్ద పూత ఎందుకు పగిలింది? పటం గోడకు తగిలించి నెల తిరగకుండానే బూజు చుక్కలు ఎందుకు వచ్చాయి? మూడింటికీ మూలం తేమే. ఎండు ప్రాంతాలలో స్థిరపడిన గురువులు చెప్పే ఆరుదల గడువులను సముద్రపు గాలి తగిలే ఊళ్లో అలాగే పాటిస్తే, పైకి ఆరినట్టు కనిపించే పూత లోపల పచ్చిగానే మిగిలిపోతుంది. అందువల్ల ఇక్కడ చెప్పే పద్ధతిలో గంటల లెక్క కంటే, ఆరిందో లేదో చేతితో తెలుసుకునే పరీక్షలకే ఎక్కువ చోటు ఇచ్చాను. కొలతలన్నీ 12 × 15 అంగుళాల పలకను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి.

సిద్ధాంతం ఒక్క ముక్క తెలిస్తే చాలు. చెక్క గాలిలోని తేమను పీల్చి అడ్డుపొరన, అంటే నార దిశకు అడ్డంగా, ఉబ్బుతుంది, పొడిగాలిలో తిరిగి కుదించుకుపోతుంది. పొడవు దిశలో మాత్రం దాదాపు కదలదు. ముందువైపు ఆరు పూతలు వేసి వెనుకవైపు వట్టిగా వదిలేస్తే, రెండు వైపులా తేమ పీల్చే వేగం వేరవుతుంది కాబట్టి పలక గిన్నెలా వంగుతుంది. వెనుకను ఎవరూ చూడరు కదా అని వదిలేయడమే నేను చూసిన చెడిన పలకలలో ఎక్కువవాటికి కారణం.

ఎప్పుడు మొదలుపెట్టాలి

విశాఖలో ఈ పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉన్న కాలం అన్నిటికంటే అనుకూలం. జూన్ నుంచి అక్టోబరు వరకు వానలు, తుపాను ముసురు ఉంటాయి గనుక ఒక్కొక్క పూత ఆరడానికి పూర్తిగా ఒక రోజు పట్టవచ్చు. వేసవిలో ఎండ ఎక్కువే అయినా గాలి ఉక్కగా ఉంటుంది. ఎండను చూసి గాలి పొడిగా ఉందనుకోవద్దు. గాలిలో తేమను చూపే చిన్న డిజిటల్ మీటరు ఒకటి గదిలో పెట్టుకుంటే ఊహ తగ్గుతుంది. అది 70 శాతానికి పైన చూపుతున్నంతసేపు కొత్త పూత వేయకుండా ఆగడం మంచిది. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న ఇళ్లలో పనిచేసేవారు సముద్రం వైపు కిటికీని మూసి, లోపలి గదిని ఎంచుకోవాలి.

ఏసీ గదిలో త్వరగా ఆరుతుందన్నది నిజమే. కానీ ఏసీలో ఆరిన పలకను ఉక్కగా ఉన్న హాలులోకి తెచ్చిపెట్టిన వెంటనే చెక్క ఉబ్బుతుంది, దానిమీది సుద్ద ఉబ్బలేక చీలుతుంది. చివరికి పటం ఏ గదిలో ఉంటుందో, వీలైతే పని కూడా ఆ వాతావరణంలోనే చేయండి.

కావలసినవి

- పలక: 12 మి.మీ. ప్లైవుడ్. 303 లేదా 710 నంబరు ఐఎస్‌ఐ ముద్ర చూసి తీసుకోండి. 710 అంటే మెరైన్ రకం, ఖరీదు ఎక్కువ, తేమకు ఎక్కువ ఓర్చుకుంటుంది. రెండడుగులు దాటిన పటానికి 18 మి.మీ. మందం, వెనుక బద్దెలు అవసరం.
- గుడ్డ: సన్నని నూలు గుడ్డ. గంజి వదిలిన పాత మల్లు పంచె అన్నిటికంటే బాగా అతుక్కుంటుంది. పాలిస్టర్ కలిసిన గుడ్డ పనికిరాదు.
- చింతగింజల పొడి 100 గ్రాములు, తుమ్మ బంక 50 గ్రాములు.
- సుద్ద పొడి అర కిలో.
- 120, 220, 320, 400 నంబర్ల ఉప్పు కాగితం; దాన్ని చుట్టడానికి చదునైన చెక్క ముక్క.
- రెండంగుళాల వెడల్పున్న మెత్తని బ్రష్షు, జల్లెడగా వాడడానికి పలుచని గుడ్డ, స్టీలు స్కేలు, వంటింటి కాటా, ముక్కుకు మాస్కు.
- వెనుకవైపు కోసం చపడా లక్క (షెల్లాక్), దాన్ని కరిగించే స్పిరిట్.

వీటిలో మూడింటి విషయంలో దుకాణంలోనే పొరపాటు జరుగుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది.

మొదటిది సుద్ద. సుద్ద పొడి అని అడిగితే కొన్నిచోట్ల ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఇస్తారు, కొన్నిచోట్ల ఫ్రెంచ్ చాక్ పేరుతో టాల్క్ పొడి ఇస్తారు. మొదటిది నీళ్లు తగలగానే గిన్నెలోనే గట్టిపడుతుంది. రెండవది చేతికి జారుడుగా తగులుతుంది. కొందరు చిత్రకారులు దాన్ని వాడతారు గాని కొత్తవారికి పట్టు కుదరదు. మనకు కావలసినది కాల్షియం కార్బోనేట్. చిటికెడు పొడిమీద నిమ్మరసం పిండితే బుసబుసమని నురగ రావాలి, రాకపోతే తీసుకోవద్దు. గోడలకు వేసే సున్నం కూడా తెల్లగానే ఉంటుంది, కానీ దాని క్షారగుణం కొన్ని రంగులను చెడగొడుతుంది, చేతులనూ కాలుస్తుంది.

రెండవది బంక. పూర్ణా మార్కెట్ పరిసరాలలోని పచారీ, మూలికల దుకాణాలలో బంక పేరుతో నాలుగైదు రకాలు కనిపిస్తాయి. ఏజెన్సీ కొండలలో గిరిజనులు సేకరించే తపసి బంక మన ప్రాంతంలో పేరున్న సరుకే. విశాఖలోనే ప్రధాన కార్యాలయం ఉన్న గిరిజన సహకార సంస్థ దాన్ని కొంటుంది. అయినా అది ఈ పనికి పనికిరాదు, ఎందుకంటే అది నీటిలో కరగకుండా ఉబ్బి ముద్దవుతుంది. షర్బత్తులలో వేసే గోంద్ కతీరా కూడా అంతే. ఏది కొన్నా ఒక ముక్కను రాత్రంతా నీటిలో వేసి ఉంచండి: ఉదయానికి కరిగి జిగట నీరుగా మారితే అది తుమ్మ బంక లేదా దానితో సమానమైనది, జెల్లీలా ఉబ్బితే తిరిగి ఇచ్చేయండి.

మూడవది చెక్క. పనస, టేకు పలకలు సంప్రదాయంలో ఉన్నవే, బాగా ఆరినవి దొరికితే ప్లైవుడ్ కంటే మేలే. పాత ఇళ్లు పడగొట్టినచోట దొరికే తలుపు చెక్కలు దశాబ్దాలుగా ఆరి ఉంటాయి కాబట్టి కొత్త కోత చెక్కకంటే వాటినే నేను నమ్ముతాను. మేకులు పూర్తిగా తీయించి, పుచ్చు రంధ్రాలు లేవని చూసుకుని, వడ్రంగి చేత చిత్రిక పట్టించండి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురు వేసే ముందు స్పిరిట్‌తో తుడవాలి. ఏటికొప్పాక దగ్గర్లోనే ఉంది కదా, అంకుడు కర్ర వాడవచ్చా అని అడిగేవారున్నారు. అంకుడు లేతు మీద తిప్పి బొమ్మలు చేయడానికి అనువైనది, వెడల్పాటి పలకలుగా దొరికే చెట్టు కాదు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి మరీ మెత్తన. పటం పలకకు గోరు దిగే చెక్క వద్దు. ఇక ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసే పలక) చవకగా, చదునుగా ఉన్నప్పటికీ అంచులలో తేమ దిగితే ఉబ్బి మళ్లీ మామూలు కాదు. మన ఊళ్లో దాన్ని దూరంగా ఉంచడమే మంచిది.

1. పలకను ఎంచి, గదికి అలవాటు చేయండి

దుకాణంలోనే పలక అంచును కంటి ఎత్తున పట్టుకుని పొడవునా చూడండి. ఎదురెదురు మూలల మధ్య రెండు దారాలు బిగించి పట్టుకుంటే అవి మధ్యలో ఒకదానినొకటి తాకాలి. మధ్యలో ఎడం వస్తే పలకలో మెలిక ఉన్నట్టు. అంచు పొరల మధ్య ఖాళీలు కనిపించినా, వేలితో తట్టినప్పుడు ఒకచోట డొల్ల శబ్దం వచ్చినా ఆ ముక్కను వదిలేయండి.

ఇంటికి తెచ్చాక గోడకు ఆనించి చదునుగా పెట్టకుండా, రెండు వైపులా గాలి తగిలేటట్టు నిలబెట్టండి. ప్రతిరోజూ ఒకే వేళకు కాటా మీద తూచి బరువు రాసుకోండి. వరుసగా మూడు రోజులు బరువు మారకపోతే పలక ఆ గది తేమకు కుదురుకున్నట్టు. సాధారణంగా ఇందుకు రెండు వారాలు కేటాయించుకోవాలి. ఈ దశను దాటవేసి తరువాత ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఫలితం దక్కదు.

2. ఉపరితలాన్ని నున్నగా, కానీ మరీ నున్నగా కాకుండా చేయండి

120 నంబరు కాగితంతో రెండు వైపులా పొర దిశలోనే రుద్దండి. అంచుల పదును తీసి కొంచెం గుండ్రం చేయండి, లేకపోతే గుడ్డ అక్కడే తెగుతుంది. చిన్న గుంతలుంటే సుద్ద, జిగురు కలిపిన ముద్దతో పూడ్చండి. గోడలకు పెట్టే లప్పం, ముఖ్యంగా నూనె కలిసినది, వాడితే దానిమీద నీటి జిగురు పట్టదు. ఇనుప మేకుల తలలు ఎక్కడా బయటకు కనిపించకూడదు. ఉప్పుగాలికి అవి తుప్పుపట్టి గోధుమ రంగు మరక సుద్దలోంచి పైకి తేలుతుంది. బద్దెలు బిగించవలసి వస్తే ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడండి.

3. జిగురు కాచుకోండి

పొడి దొరకకపోతే చింతగింజలను దోరగా వేయించి, దంచి, గోధుమరంగు తొక్కను పూర్తిగా తీసివేయండి. ఆ తొక్కలోని వగరు పదార్థం మిగిలితే తెల్లని పూతమీద మరకలు వస్తాయి. తెల్లని పప్పును రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బుకోవాలి.

పొడి అయితే 100 గ్రాములకు ఒక లీటరు నీళ్లు కొలుచుకోండి. ముందు చల్లని నీటిలో ఉండలు లేకుండా కలిపి కొన్ని గంటలు నాననివ్వండి. వేడినీటిలో నేరుగా పోస్తే ఉండకట్టి ఎంత గిలకొట్టినా విడిపోదు. తరువాత సన్నని సెగమీద అడుగంటకుండా కలుపుతూ, పచ్చి వాసన పోయి మిశ్రమం కొంచెం పారదర్శకంగా మారేవరకు, సుమారు అరగంట కాచండి. చల్లారకముందే గుడ్డలో వడకట్టండి. ఇది ముద్ద జిగురు, గుడ్డ అతికించడానికి. దీనిలో సమానంగా నీళ్లు కలిపితే పలుచని జిగురు, పూతలకు. తుమ్మ బంకను విడిగా 100 మిల్లీలీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి వడకట్టి ఉంచుకోండి.

పాతకాలపు పద్ధతిలో పురుగు, బూజు రాకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది పనిచేస్తుంది, కానీ విషం. వేసేటట్లయితే అల్యూమినియం గిన్నెను అది తినేస్తుంది కాబట్టి పింగాణీ పాత్ర వాడండి, ఆ పాత్రను మళ్లీ వంటింట్లోకి తేవద్దు, చేతులకు తొడుగులు వేసుకోండి, పిల్లలకు అందనీయకండి. ఇంట్లో పనిచేసేవారికి నా సలహా కొన్ని చుక్కల లవంగ నూనె వేసి, జిగురును కొద్దికొద్దిగా కాచుకోవడం. మైలుతుత్తం బదులు వెలిగారం వేస్తే ఏమవుతుందని కొందరు అడుగుతారు: చింతగింజల జిగురు ముద్దకట్టి బ్రష్షుకు రాకుండా పోతుంది. వేసవిలో బయట ఉంచిన జిగురు రెండో రోజుకే పులుస్తుంది. ఫ్రిజ్‌లో ఒక వారం వరకు నిలుస్తుంది. పుల్లని వాసన వచ్చినదాన్ని మళ్లీ కాచి వాడవద్దు, పారబోయండి.

*వేరే జిగురులు.* వడ్రంగులు వాడే వజ్రం, అంటే పశువుల చర్మం నుంచి తీసిన జిగురు, సుద్దకు ఎంతో గట్టి పట్టు ఇస్తుంది. ఒక వంతు జిగురును పది వంతుల నీటిలో రాత్రంతా నానబెట్టి, వేడినీటి గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించాలి. మరిగితే బలం పోతుంది. అయితే పూజగదిలో పెట్టే దేవుడి పటానికి అటువంటి జిగురు వద్దనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు, అందుకే చింతగింజల పద్ధతినే ప్రధానంగా చెప్పాను. ఫెవికాల్ వంటి తెల్ల జిగురును ఒకటికి రెండు వంతుల నీటితో పలచబరచి సుద్ద కలిపేవారూ ఉన్నారు. అది బూజుకు తక్కువ లొంగుతుంది, త్వరగా ఆరుతుంది, కానీ దాన్ని ఉప్పు కాగితంతో నున్నగా తీయడం కష్టం, నీటి రంగులను సమంగా పీల్చదు. ఏది ఎంచుకున్నా ఒక పలకకు మొదటి నుంచి చివరిదాకా ఒకే జిగురు వాడాలి.

4. రెండు వైపులా జిగురునీటి పూత వేయండి

పలుచని జిగురును గోరువెచ్చగా చేసి ముందు, వెనుక, నాలుగు అంచులు, అన్నిచోట్లా ఒకే పూటలో పూయండి. కింద నాలుగు మూలలలో సీసా మూతలు పెట్టి పలకను వాటిమీద ఉంచితే రెండు వైపులా ఆరుతుంది. అంచులు నీటిని ఎక్కువగా పీల్చుకుంటాయి కనుక వాటికి రెండోసారి కూడా పూయండి. ఒక పూర్తి రోజు ఆరనివ్వండి.

వెనుకవైపుకు చపడా లక్కను ఇప్పుడే వేయాలనిపిస్తుంది, ఆగండి. ముందువైపు ఇంకా ఎన్నో తడి పూతలు పడబోతున్నాయి. వెనుక దారి ఇప్పుడే మూసేస్తే ఆ తడి చెక్కలోనే చిక్కుకుంటుంది.

5. గుడ్డ అతికించండి

గుడ్డను వేడినీటిలో ఉతికి, గంజి పూర్తిగా వదిలించి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, పలకకంటే నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువగా కత్తిరించండి. ఉతకని కొత్త గుడ్డ పలకమీదే కుదించుకుపోయి అంచులు లాగేస్తుంది.

పలకమీద ముద్ద జిగురును సమంగా పూసి, గుడ్డను వదులుగా పరచి, మధ్యనుంచి అంచులవైపు అరచేతితో ఒత్తుతూ గాలిని బయటికి పంపండి. గుడ్డను సాగదీయవద్దు, సాగదీసి అతికించిన గుడ్డ ఆరినప్పుడు వెనక్కి లాగి పలకను వంచుతుంది. పైనుంచి మరో పలుచని జిగురు పూత ఇచ్చి, నేత రంధ్రాలలోకి దిగేలా రుద్దండి. మిగిలిన గుడ్డను వెనక్కి మడిచి, మూలల దగ్గర అడ్డంగా కత్తిరించి అతికించండి.

పలక పెద్దదైతే వెనుకకూ అదే గుడ్డ అతికించండి. నీడలో, ఫ్యాను నేరుగా తగలని చోట ఒక రోజు ఆరాక వేలి కొసతో పలకంతా తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినచోట బ్లేడుతో చిన్న గాటు పెట్టి, సన్నని పుల్లతో జిగురు లోపలికి పంపి ఒత్తాలి. ఈ బుడగలను ఇక్కడే సరిచేయాలి. సుద్ద పడ్డాక అవి పొక్కులై తేలతాయి.

6. సుద్ద పూత కలపండి

నాలుగు వంతుల పలుచని జిగురుకు ఒక వంతు బంక నీరు కలపండి. ఈ మిశ్రమం ఒక కప్పుకు సుద్ద ఒకటిన్నర కప్పు. ఇది మొదలుపెట్టే కొలత మాత్రమే. మీ జిగురు బలం, మీ సుద్ద సన్నదనం వేరుగా ఉండవచ్చు. కాబట్టి గుడ్డ అతికించిన ఒక తునక ప్లైవుడ్ మీద ముందుగా మూడు పూతలు వేసి, ఆరాక గోటితో గీయండి. సన్నని తెల్ల గీత పడితే సరిపోయింది. పొడి రాలితే జిగురు చాలలేదు. గోరు గాజుమీద జారినట్టు జారి గీత పడకపోతే జిగురు ఎక్కువైంది, అది పగులుతుంది. తుమ్మ బంక ఎక్కువైనా ఇదే జరుగుతుంది, ఎందుకంటే అది ఆరితే పెళుసు.

కలిపే తీరు కూడా ముఖ్యమే. మాస్కు పెట్టుకుని, గుడ్డలో జల్లించిన సుద్దను గోరువెచ్చని జిగురుమీద కొద్దికొద్దిగా చల్లి, దానంతట అది మునగనివ్వండి. పావుగంట తరువాత మెల్లగా కలపండి. గిలకొడితే గాలి చేరి, ప్రతి బుడగా పలకమీద ఒక సూదిరంధ్రం అవుతుంది. మొదటి పూతకు మిశ్రమం మజ్జిగలా పలుచగా, తరువాతివాటికి గరిటెజారుగా ఉండాలి.

7. పూతలు వేయండి

మొదటి పూతను బ్రష్షుతో వేసి వెంటనే అరచేతితో రుద్దండి. సుద్ద గుడ్డ నేతలోకి దిగితేనే పైపూతలు నిలుస్తాయి. రెండవ పూత నుంచి బ్రష్షు చాలు. ఒక పూత నిలువుగా వేస్తే తరువాతిది అడ్డంగా. మొత్తం ఆరు నుంచి ఎనిమిది పలుచని పూతలు అవసరం. మూడు మందపాటి పూతలతో సరిపెట్టాలన్న ఆశ చాలామందికి కలుగుతుంది, ఆ పలకలే పగులుతాయి: మందపు పూత పైపొర ముందే బిగుసుకుని, లోపలి పొర ఆరుతూ కుదించుకుపోయేటప్పుడు చీలుతుంది.

రెండు పూతల మధ్య ఎంతసేపు ఆగాలన్నది గడియారాన్ని అడగవద్దు. చేతి వెనుకభాగాన్ని పలకకు ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉంది; గది వేడితో సమంగా తగిలితే తరువాతి పూత వేయవచ్చు. మాఘ మాసపు మధ్యాహ్నం ఇందుకు రెండు మూడు గంటలు పడుతుంది, ముసురులో మరుసటి రోజు వరకు ఆగవలసి రావచ్చు. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం రెండూ పగుళ్లకు దారితీస్తాయి.

గిన్నెలోని మిశ్రమం గంటలు గడిచేకొద్దీ నీరు ఆవిరై చిక్కబడుతుంది. అప్పుడు నీళ్లు మాత్రమే చేర్చండి, జిగురు చేర్చవద్దు. పైపూతలో జిగురు బలం కిందిపూతకంటే ఎప్పుడూ ఎక్కువ కాకూడదు. బలమైన పైపొర ఆరుతూ బలహీనమైన కిందిపొరను పెచ్చులుగా లాగేస్తుంది. ఈ ఒక్క నియమం తెలియకనే ఎందరో మంచి సుద్దను, మంచి జిగురును నిందిస్తుంటారు.

మూడవ పూత ఆరాక ఒకసారి 220 నంబరు కాగితంతో తేలికగా రుద్ది, పొడిని పొడిగుడ్డతో తుడిచి, మిగిలిన పూతలు వేయండి.

8. నున్న చేయండి

ఆఖరి పూత తరువాత కనీసం మూడు రోజులు ఆగండి. తరువాత చెక్క ముక్కకు చుట్టిన ఉప్పు కాగితంతో 220, 320, 400 వరుసలో, గుండ్రంగా తిప్పుతూ రుద్దండి. వేళ్లతో కాగితాన్ని నేరుగా పట్టుకుంటే వేళ్ల మధ్య పల్లాలు పడతాయి. తడి పెట్టి రుద్దవద్దు, ఈ జిగురు నీటికి కరుగుతుంది. గుడ్డ నూలు ఎక్కడైనా బయటపడితే ఆపి, అక్కడ రెండు పలుచని పూతలు వేసి మళ్లీ రుద్దాలి. బంగారు రేకు అతికించే పటమైతే చివరగా నున్నటి గులకరాయితోగాని పెద్ద గవ్వ వీపుతోగాని మెరుగు పెట్టండి. గవ్వలకు మన ఊళ్లో కొరత లేదు. అయితే రంగు వేసే భాగాలను మరీ మెరిసేలా రుద్దితే రంగు జారుతుంది.

9. వెనుకవైపు మూయండి

ఇప్పుడు చపడా లక్కను స్పిరిట్‌లో కరిగించి వెనుకకూ అంచులకూ రెండు పూతలు వేయండి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న వేళ వేస్తే లక్క పాలలా తెల్లబారుతుంది. మధ్యాహ్నం పొడిగా ఉన్న గంటలలో వేయండి. స్పిరిట్ ఆవిరి తేలికగా అంటుకుంటుంది, దీపం, పొయ్యి, అగరుబత్తి దగ్గర ఈ పని చేయవద్దు. ముందువైపు ఒక్క చుక్క కూడా పడకూడదు, పడినచోట రంగు పట్టదు. లక్క వద్దనుకుంటే చెక్కకు వేసే మామూలు ప్రైమరు రెండు పూతలు సరిపోతాయి.

ఫలితాన్ని ఎలా పరీక్షించాలి

గదిలో లైట్లు ఆర్పి, టార్చిని పలక అంచు దగ్గర, ఉపరితలానికి దాదాపు సమాంతరంగా పట్టి వెలిగించండి. ఎదురుగా కనిపించని గుంతలు, బ్రష్షు చారలు, వెంట్రుక పగుళ్లు నీడలుగా తేలతాయి. స్టీలు స్కేలును నిలబెట్టి పలకమీద నాలుగు దిశలలో ఆనించి, కింద వెలుతురు కనిపిస్తుందేమో చూడండి. ఒక మూలలో సెల్లోటేపు అతికించి ఒక్కసారిగా లాగండి: టేపుకు తెల్లని మసక అంటితే ఫరవాలేదు, పెచ్చు ఊడివస్తే పలక పనికిరాదు. చివరగా ముందువైపు సుద్దమీద, అంచు దగ్గర ఒక నీటిచుక్క వేయండి. చుక్క క్షణంలో మాయమైతే పలక రంగును ఎక్కువగా పీల్చేస్తుంది, అలాంటప్పుడు బంక నీటిని పదింతలు పలచబరచి ఒక్క పూత ఇవ్వండి. చుక్క ముత్యంలా నిలిచిపోతే మెరుగు ఎక్కువైంది, 400 కాగితంతో తేలికగా గరుకు చేయండి. నెమ్మదిగా వ్యాపించి ఇంకితే నీటి రంగులకు సిద్ధం.

తప్పులు, వాటి దిద్దుబాట్లు

*సాలెగూడు పగుళ్లు.* జిగురు ఎక్కువ, లేదా పూత మందం, లేదా ఎండలో ఆరబెట్టడం. పగుళ్లలో సుద్ద నింపి కప్పేయడం కుదరదు, రంగు వేశాక అవి మళ్లీ పైకి వస్తాయి. గుడ్డ కనిపించేదాకా గోకి తీసి మళ్లీ పూతలు వేయండి.

*పొడి రాలడం.* గోరువెచ్చని పలుచని జిగురును మెత్తని బ్రష్షుతో ఒక్కసారి తడిమి ఇంకనివ్వండి. ఒకే చోట రెండుసార్లు రుద్దితే సుద్ద కరిగి లేస్తుంది.

*సూదిరంధ్రాలు.* చిక్కని సుద్ద మిశ్రమాన్ని వేలితో ఆ భాగంలో రుద్ది ఆరనివ్వండి. దీన్ని తరువాతి పూతతో పూడుతుందని వదిలేస్తే రంధ్రం పైకి పాకుతుంది.

*వంపు.* ముందువైపు గిన్నెలా లోపలికి వంగితే ముందు పొరలు ఎక్కువ లాగుతున్నాయన్నమాట. వెనుకవైపు లక్కను స్పిరిట్‌తో తుడిచి, అదే రకం గుడ్డను ముద్ద జిగురుతో అతికిస్తే ఆరేటప్పుడు అది ఎదురు లాగుతుంది. బరువులు పెట్టి అణచిన వంపు బరువు తీసిన కొద్ది రోజులకే తిరిగి వస్తుంది కాబట్టి అది ఒక్కటే మందు అనుకోవద్దు. అర అంగుళం మించిన వంపును సరిచేయడం వృథా శ్రమ.

*బూజు.* పైన చుక్కలు మాత్రమే ఉంటే పలకను బయటకు తీసుకెళ్లి, స్పిరిట్‌లో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, పొడిగదిలో ఆరబెట్టి, 400 కాగితంతో రుద్దండి. గుడ్డలోంచి నల్లగా పైకి వస్తుంటే జిగురే పులిసినది. ఆ పలకను ఆసాంతం గోకి కొత్తగా మొదలుపెట్టాలి. మిగతా పలకల పక్కన దాన్ని ఉంచకండి.

బొమ్మ గీసేదాకా భద్రపరచడం

సిద్ధమైన పలకలను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలువుగా, మధ్యలో గాలి ఆడేటట్టు నిలబెట్టండి. ప్లాస్టిక్ సంచిలో చుట్టవద్దు, లోపలి తేమ చెమ్మగా మారి బూజు పెడుతుంది. ఉతికిన నూలు గుడ్డ చాలు. బాత్రూము గోడకు, వంటింటి గోడకు ఆనించి పెట్టకండి. వానాకాలం దాటించవలసి వస్తే నెలకొకసారి గుడ్డ తీసి, పొడిగా ఉన్న మధ్యాహ్నం ఒక గంట గాలికి ఉంచి, వెనుకవైపు అంచులలో చెదల మట్టి, పుచ్చుపొడి ఏమైనా కనిపిస్తుందేమో చూసుకోండి. గీత గీసే ముందు స్కేలు పరీక్ష మరొక్కసారి చేసి, పొడి బ్రష్షుతో దుమ్ము దులిపి, గట్టి పెన్సిలు కాకుండా మెత్తని పెన్సిలుతో తేలికగా గీయండి. గట్టి మొన చేసిన గాడి బంగారు రేకు కింద కూడా కనిపిస్తుంది.